గైడ్ గారి పాస్‌వర్డ్ వద్దు, మీ పేరుతోనే లోపలికి వెళ్ళండి

ప్రశ్న: నేను తిరుపతిలోని ఒక యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కాన్పుకని చిత్తూరులో మా అమ్మగారింటికి వచ్చాను. పాపకు ఇప్పుడు మూడో నెల. గుడిపాల, యాదమరి వైపు పల్లెల్లో షుగర్ పేషెంట్ల మీద చేసిన సర్వే డేటా, నేను రాసిన ప్రోగ్రాములు అన్నీ డిపార్ట్‌మెంట్ సర్వర్‌లోనే ఉన్నాయి. పసిబిడ్డను వదిలిపెట్టి రోజూ తిరుపతికి పోయి రాలేను. నా అకౌంట్ క్యాంపస్ లోపలే పనిచేస్తుంది. బయటి నుంచి వాడుకునే అనుమతి మా దగ్గర అధ్యాపకులకే ఉంది. అందుకని మా గైడ్ గారు తన లాగిన్, పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపి, ఇంటి నుంచే చేసుకోమ్మా అన్నారు. నేనింకా వాడలేదు. ల్యాబ్‌లో సీనియర్ అన్న ఒకాయన, ల్యాబ్ కంప్యూటర్‌లో ఎనీడెస్క్ (దూరం నుంచే ఆ కంప్యూటర్‌ను నడిపించే యాప్) ఎప్పుడూ ఆన్‌లో ఉంచుతానంటున్నారు. మా తమ్ముడేమో ఫ్రీ వీపీఎన్ యాప్ వేసుకుంటే చాలంటాడు. లాప్‌టాప్ కూడా వాడిదే. వీటిలో ఏది సేఫ్? పాస్‌వర్డ్ వద్దంటే గైడ్ గారు ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది.
— ఒక పరిశోధక విద్యార్థిని, చిత్తూరు

సమాధానం: అమ్మా, ముందుగా మీకు, పాపకు శుభాకాంక్షలు. మీరు ఇంకా ఆ పాస్‌వర్డ్ వాడలేదన్నారు. చాలా మంచి పని చేశారు. మీకు చెప్పిన మూడు దారుల్లో ఏదీ వద్దు. నాలుగో దారి ఒకటుంది. కొంచెం ఆలస్యమవుతుంది, ఒకటి రెండు లెటర్లు రాయాలి. కానీ ఒకసారి కుదిరితే పీహెచ్‌డీ పూర్తయ్యేదాకా మళ్ళీ ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు.

మొదట గైడ్ గారి విషయం మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బరువుగా కనిపించింది అదే. ఆయన మీ మీద నమ్మకంతోనే ఇచ్చారు, అందులో సందేహం లేదు. అయితే చాలా యూనివర్సిటీల్లో అధ్యాపకుడి లాగిన్ ఒక్కటే ఉంటుంది. దానితోనే ఆయన మెయిల్ తెరుచుకుంటుంది, మార్కులు వేసే పేజీ తెరుచుకుంటుంది, సెలవులు, జీతం వివరాలు కనబడతాయి, మిగతా స్కాలర్లు పంపిన చాప్టర్లు కూడా కనబడతాయి. మీకు కావలసింది సర్వర్‌లో మీ ఫోల్డర్ మాత్రమే. దానికోసం ఇంత బాధ్యత మీ నెత్తిన ఎందుకు పెట్టుకోవాలి? రేపు ఎవరి మార్కులో మారాయని గొడవ వచ్చిందనుకోండి. చిత్తూరు నుంచి ఫలానా రాత్రి ఆయన పేరుతో లాగిన్ అయినట్టు రికార్డు చూపిస్తుంది. ఆ రాత్రి చేసింది మీరని ఆయన, మీరు తప్పు చేయలేదని మీరు రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ ఇరుక్కుంటారు. సర్వర్ రికార్డుకు మనుషుల మంచితనం తెలియదు, యూజర్‌నేమ్ మాత్రమే తెలుసు.

కాబట్టి వద్దని చెప్పడం ఆయన్ని అవమానించడం కాదు, ఆయన్ని కాపాడటం. అదే మాట మెసేజ్‌లో పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను: "సార్, నమస్తే. లాగిన్ ఇచ్చి నా ఇబ్బంది తీర్చాలని చూశారు, చాలా సంతోషం. ఇక్కడ లాప్‌టాప్ నేనూ మా తమ్ముడూ ఇద్దరం వాడతాం సార్. నా వల్ల మీ మెయిల్‌కు గానీ మార్కుల పేజీకి గానీ ఏదైనా అయితే నేను తట్టుకోలేను. మీ పాస్‌వర్డ్ నేను వాడలేదు. దయచేసి ఒకసారి మార్చేయండి. నా పేరుతోనే బయటి నుంచి అనుమతి ఇమ్మని కంప్యూటర్ సెంటర్‌కు లెటర్ రాశాను, మీరు ఫార్వర్డ్ చేస్తే చాలు సార్." ఇది చదివి నొచ్చుకునే గురువు ఉంటారని నేననుకోను. ఒకవేళ ఆయన వెంటనే జవాబివ్వకపోతే మరుసటి రోజు ఫోన్ చేసి ఇదే మాట నోటితో చెప్పండి. మన దగ్గర ఇలాంటి విషయాలు మెసేజ్ కంటే గొంతుతో చెబితేనే బాగా అందుతాయి.

పాస్‌వర్డ్ మార్చమని అడగడం మర్చిపోవద్దు. చాట్‌లోంచి ఆ మెసేజ్ తీసేస్తే సరిపోదు. రెండు ఫోన్ల బ్యాకప్‌లలో అది ఎక్కడో మిగిలే ఉంటుంది. పాస్‌వర్డే మారిపోతే ఎక్కడ మిగిలినా పనికిరాదు.

ఇప్పుడు నాలుగో దారి. మీ అకౌంట్ క్యాంపస్ లోపలే ఎందుకు పనిచేస్తుందంటే, డిపార్ట్‌మెంట్ సర్వర్‌ను బయటి ఇంటర్నెట్‌కు కనబడకుండా మూసి ఉంచారు. అది మంచి పని. పోర్టు అంటే కంప్యూటర్‌కు ఉండే నంబరు వేసిన తలుపు. దూరం నుంచి సర్వర్‌లోకి పోవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం పోర్టు 22 గానీ, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 గానీ బయటికి తెరిచి పెడితే, ప్రపంచం నలుమూలల నుంచి ప్రోగ్రాములు పాస్‌వర్డులు ఊహిస్తూ తలుపు కొడుతూనే ఉంటాయి. నిద్ర లేదు, సెలవు లేదు. అందుకే యూనివర్సిటీలు తమ సొంత వీపీఎన్ నడుపుతాయి. మీ లాప్‌టాప్ నుంచి యూనివర్సిటీ గేట్‌వే, అంటే నెట్‌వర్క్ గేటు దాకా పోయే డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మారుతుంది. గేట్‌వే మిమ్మల్ని గుర్తుపట్టి లోపలికి వదిలాక, మీరు చిత్తూరులో కూర్చున్నా క్యాంపస్‌లో ఉన్నట్టే లెక్క.

మీ తమ్ముడికి ఇక్కడే పొరపాటు జరిగింది. ప్లే స్టోర్‌లో దొరికే ఫ్రీ వీపీఎన్‌కూ యూనివర్సిటీ వీపీఎన్‌కూ పేరు ఒకటే, పని వేరు. ఫ్రీ యాప్ మీ డేటాను ఇంకెక్కడో ఎవరిదో సర్వర్‌కు తీసుకుపోయి అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వదులుతుంది. మీ క్యాంపస్ లోపలికి అది తీసుకుపోలేదు. పైగా మీరు ఏ సైట్లకు పోతున్నారో తెలుసుకునే అవకాశం ఆ యాప్ నడిపేవాళ్ళకు ఇచ్చినట్టవుతుంది. సర్వర్లు నడపడానికి డబ్బు ఖర్చవుతుంది. మీ దగ్గర తీసుకోకుండా ఆ ఖర్చు ఎలా రాబట్టుకుంటున్నారో అడగాల్సిన ప్రశ్నే. యాప్ ఇప్పటికే వేసి ఉంటే తీసేయమని చెప్పండి.

యూనివర్సిటీ వీపీఎన్ కోసం ఏం చేయాలంటే, గైడ్ గారి ద్వారా, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో కంప్యూటర్ సెంటర్‌కు ఒక పేజీ లెటర్ పంపండి. తిరుపతిలో ఎస్వీయూ, పద్మావతి మహిళా, సంస్కృత విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ ఇలా ఇన్ని సంస్థలు ఉన్నాయి. ఒక్కోచోట ఆ విభాగాన్ని ఒక్కో పేరుతో పిలుస్తారు, ఒక్కోచోట ఒక్కో ఫారం ఉంటుంది. ఫారం ఏదైనా మీరు రాయాల్సింది ఇదే: మీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ సర్వర్ కావాలి, ఎందుకు కావాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. చివరిది తప్పక రాయండి. ఎప్పటిదాకానో చెప్పకుండా అడిగితే ఇచ్చేవాళ్ళకు భయం. ఆరు నెలలకని అడిగితే సంతకం పెట్టడం సులువు, తర్వాత పొడిగించుకోవచ్చు. స్కాలర్లకు ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు అంటే, మొత్తం క్యాంపస్ అక్కర్లేదు, నా వీపీఎన్ అకౌంట్‌కు ఆ ఒక్క సర్వర్ మాత్రం కనబడేట్టు చేయండి అని అడగండి. అది సాంకేతికంగా కుదిరే పనే, సిస్టమ్ అడ్మిన్‌కు ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి. మీరు ఉత్తరంలో సెలవు గురించి ఒక్క మాట రాయలేదు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం మహిళా స్కాలర్లకు కోర్సు మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. పని చేయగలిగితే చేయండి, సంతోషం. కానీ మూడు నెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని డెడ్‌లైన్ల వెంట పరుగెత్తాల్సిన పరిస్థితి ఉందేమో అనిపించి చెబుతున్నాను. ఆ లెటర్‌తో పాటే దీని గురించి కూడా రీసెర్చ్ సెక్షన్‌లో కనుక్కోండి.

వీపీఎన్ వచ్చాక దానికి రెండో ఆధారం కూడా పెట్టమంటారు. ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ వేసుకుంటే, 30 సెకన్లకు ఒకసారి మారే ఆరు అంకెల కోడ్ చూపిస్తుంది. ఇది నెట్ లేకపోయినా పనిచేస్తుంది, కానీ ఫోన్‌లో టైమ్ సరిగ్గా ఉండాలి. సెట్ చేసేటప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి మీ సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి. ఫోన్ నీళ్ళలో పడితే అప్పుడు తెలుస్తుంది వాటి విలువ. కొన్నిచోట్ల కోడ్ బదులు 'మీరేనా?' అని ఫోన్‌కు నోటిఫికేషన్ వస్తుంది. మీరు లాగిన్ అవుతున్న ఆ నిమిషంలో వస్తేనే అవునని నొక్కండి. పాపకు పాలు పట్టేటప్పుడు ఊరికే వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిందని అర్థం. కాదని నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చి, కంప్యూటర్ సెంటర్‌కు చెప్పండి.

వీపీఎన్ క్యాంపస్ గేటు దాకా తీసుకుపోతుంది. అక్కడి నుంచి సర్వర్‌లోకి పోవడానికి ఎస్‌ఎస్‌హెచ్ వాడాలి. దీని వెనక మీకు నచ్చే కథ ఒకటుంది. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో దొంగచాటుగా పాస్‌వర్డులు పట్టేశారు. దూరపు కంప్యూటర్‌లోకి పోవడానికి, ఫైళ్ళు పంపడానికి అప్పట్లో వాడే టెల్నెట్, ఎఫ్‌టీపీలు పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టుగా వైరు మీద పంపేవి. మధ్యలో కూర్చున్న ఎవరైనా చదువుకోవచ్చు. అక్కడే పరిశోధకుడిగా ఉన్న టాటు యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీ పోర్టు 21, టెల్నెట్‌ది 23 కాబట్టి వాటి మధ్యలో ఖాళీగా ఉన్న 22 తీసుకున్నాడు. యూనివర్సిటీ కష్టంలోంచి పుట్టిన పనిముట్టు ఇది, ఇప్పటికీ మీ సర్వర్ తలుపు దగ్గర నిలబడి ఉంది.

విండోస్ 10లో 2018 నుంచి, విండోస్ 11లో మొదటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ వచ్చేస్తోంది. వేరే ఏదీ వేయక్కర్లేదు. విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్ తెరిచి, ఎస్‌ఎస్‌హెచ్ (ssh) అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మీ యూజర్‌నేమ్, ఎట్ గుర్తు, సర్వర్ పేరు ఇస్తే చాలు. ఇలాంటి పనికే వాడే పుటీ గానీ విన్‌ఎస్‌సీపీ గానీ అలవాటుంటే వాడుకోవచ్చు, కానీ గూగుల్‌లో వెతికి పైన కనిపించిన యాడ్‌ను నొక్కి దించుకోవద్దు. ఆ పేర్లతోనే వైరస్ కలిపిన నకిలీలు యాడ్‌ల రూపంలో తిరిగాయి. కంప్యూటర్ సెంటర్ వాళ్ళను అసలు సైట్ లింకు అడిగి తీసుకోండి.

మొదటిసారి కలిపినప్పుడు స్క్రీన్ మీద ఒక ప్రశ్న వస్తుంది. ఈ సర్వర్ ఎవరో నాకు తెలియదు, దీని ఫింగర్‌ప్రింట్ (సర్వర్‌ను గుర్తుపట్టే అక్షరాల వరస) ఇది, కొనసాగమంటావా అని. అందరూ చదవకుండా యెస్ కొట్టేస్తారు. మీరు అలా చేయొద్దు. ఎదురుగా ఉన్నది మీ సర్వరేనా, మధ్యలో ఇంకెవరైనా సర్వర్ వేషం వేసుకుని కూర్చున్నారా అని తేల్చుకోవడానికి మీకు దొరికే అవకాశం ఆ ఒక్క క్షణమే. అందుకే వీపీఎన్ అడిగే లెటర్‌లోనే సర్వర్ ఫింగర్‌ప్రింట్ కూడా అడగండి. లేదా ల్యాబ్‌లో ఉన్న సీనియర్ అన్నకు ఫోన్ చేసి, ఆయన స్క్రీన్ మీద ఉన్నది చదివించుకోండి. రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే యెస్. ఆ తర్వాత లాప్‌టాప్ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. ఎప్పుడైనా సర్వర్ గుర్తింపు మారిపోయిందని పెద్ద అక్షరాలతో హెచ్చరిక వస్తే ఆగిపోండి. సర్వర్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా అలా వస్తుంది, కాబట్టి భయపడక్కర్లేదు. కానీ అడ్మిన్‌కు ఫోన్ చేసి, అవునమ్మా, మేమే మార్చాం అని వినేదాకా పాస్‌వర్డ్ కొట్టొద్దు.

అసలు పాస్‌వర్డ్ బదులు కీ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ (ssh-keygen) అనే కమాండ్‌తో, ఈడీ25519 రకం ఎంచుకుని కీ చేసుకుంటే రెండు ఫైళ్ళు తయారవుతాయి. ఒకటి తాళం లాంటిది, ఇంకొకటి తాళంచెవి. పేరు చివర పబ్ అని ఉన్నది తాళం. దాన్ని అడ్మిన్‌కు మెయిల్‌లో పంపినా ఫర్వాలేదు, ఆయన సర్వర్‌లో మీ అకౌంట్‌కు తగిలిస్తాడు. పబ్ అని లేనిది తాళంచెవి. అది మీ లాప్‌టాప్ దాటి ఎక్కడికీ పోకూడదు. మెయిల్‌కు వద్దు, డ్రైవ్‌కు వద్దు, గైడ్ గారడిగినా వద్దు. లాగిన్ అయ్యేటప్పుడు కూడా అది సర్వర్‌కు పోదు. సర్వర్ ఇచ్చిన సవాలు మీద మీ లాప్‌టాప్ దానితో సంతకం పెట్టి, ఆ సంతకాన్నే పంపుతుంది. పాస్‌వర్డ్ అయితే అవతలి కంప్యూటర్ చేతికి చేరుతుంది, నకిలీ సర్వరైతే దాని చేతికే చేరుతుంది. కీతో ఆ ప్రమాదం లేదు. కీ చేసేటప్పుడు పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, ఎంటర్ కొట్టి దాటేయకండి. లాప్‌టాప్ పోయినా ఆ వాక్యం తెలియనివాడికి కీ పనికిరాకుండా అదే కాపాడుతుంది. నాలుగైదు మాటల పొడవుండేలా, మీకు మాత్రమే అర్థమయ్యే ఒక వాక్యం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులోనే పెట్టుకోండి. పాప పేరు, పుట్టిన తేదీ మాత్రం వద్దు. అవి మీ వాట్సాప్ స్టేటస్‌లోనే ఉంటాయి.

ఇక తమ్ముడి లాప్‌టాప్. దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. దారి ఎంత భద్రమైనా, బయలుదేరే చోట రోగం ఉంటే అదీ మీతోపాటు ఎన్‌క్రిప్ట్ అయి క్యాంపస్ లోపలికి పోతుంది. తమ్ముడిని నిజం చెప్పమనండి: విండోస్ క్రాక్ చేసిందా? గేములు, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా క్రాక్‌తో వేశాడా? వేసి ఉంటే, వాడి మీద కోప్పడకండి, కానీ ఆ లాప్‌టాప్‌తో సర్వర్‌కు పోవద్దు. అలాంటి క్రాక్‌లలో కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ, బ్రౌజర్‌లో దాచిన ప్రతి పాస్‌వర్డ్‌నూ ఎక్కడికో పంపే ప్రోగ్రాములు దాగి ఉండటం మామూలే. వాడి ఫైళ్ళు బ్యాకప్ తీసి, మొత్తం తుడిచి, అసలైన విండోస్ వేయండి. లేదా విండోస్ బదులు ఉబుంటు వేయండి. ఉబుంటు పూర్తిగా ఉచితం, మీ స్టాటిస్టిక్స్ పనికి అవసరమైన ఆర్, పైథాన్ రెండూ అందులో చక్కగా నడుస్తాయి, ఎస్‌ఎస్‌హెచ్ సిద్ధంగా ఉంటుంది.

లాప్‌టాప్ శుభ్రంగా ఉందనుకున్నాక, మీకంటూ వేరే యూజర్ అకౌంట్ తెరవండి, వేరే పాస్‌వర్డ్‌తో. మీదీ, తమ్ముడిదీ రెండు అకౌంట్లూ అడ్మిన్ హక్కులు లేని మామూలు అకౌంట్లే కావాలి. సాఫ్ట్‌వేర్ వేయడానికి మూడో అకౌంట్ ఉండాలి. తమ్ముడికి ఇది నచ్చకపోవచ్చు. అక్క పీహెచ్‌డీ అయిపోయేదాకా అని చెప్పండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే ఆన్ చేయండి. అప్‌డేట్లు వాయిదా వేయకండి.

బయటి నెట్‌సెంటర్ కంప్యూటర్ల నుంచి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సర్వర్‌లోకి పోవద్దు. వీపీఎన్ ఉన్నా సరే. అక్కడ కీబోర్డే మీది కాదు. రైల్వే స్టేషన్ ఫ్రీ వైఫై సంగతి వేరు. సొంత లాప్‌టాప్, వీపీఎన్ ఆన్‌లో ఉంటే దారిలో ఎవరూ చదవలేరు, అయినా మీ ఫోన్ హాట్‌స్పాట్ ఉండగా ఆ అవసరమేముంది? ఎస్‌ఎస్‌హెచ్‌లో అటూ ఇటూ పోయేది అక్షరాలే కాబట్టి డేటా చాలా తక్కువ ఖర్చవుతుంది.

చిత్తూరులో కరెంటు పోతే ఏమవుతుందని మీరు అడగలేదు గానీ, అడుగుతారు. మూడు గంటలు నడవాల్సిన ప్రోగ్రాం రెండో గంటలో నెట్ తెగి ఆగిపోతే ఏడుపొస్తుంది. సర్వర్‌లోకి పోగానే టీమక్స్ (tmux) అని కొట్టి, దానిలోపల ప్రోగ్రాం మొదలుపెట్టండి. నెట్ తెగినా, లాప్‌టాప్ మూసినా, సర్వర్‌లో అది నడుస్తూనే ఉంటుంది. కావాలని బయటికి రావాలంటే కంట్రోల్ బీ నొక్కి, వదిలి, డీ నొక్కాలి. తిరిగి వచ్చాక టీమక్స్ అటాచ్ అంటే వదిలిన చోటే ఉంటారు. పసిపిల్ల ఉన్న ఇంట్లో దీన్ని మించిన సదుపాయం లేదు. పాప ఏడిస్తే లాప్‌టాప్ మూసి లేచిపోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి. వీపీఎన్ కలపకుండా ఎస్‌ఎస్‌హెచ్ కొడితే సర్వర్ దొరకలేదనో, టైమ్ అయిపోయిందనో వస్తుంది. కంగారు పడకుండా ముందు వీపీఎన్ ఉందో లేదో చూసుకోండి. పని అయ్యాక వీపీఎన్ తీసేయండి. లేకపోతే తమ్ముడి సినిమాలు కూడా యూనివర్సిటీ నెట్‌వర్క్ మీదుగా పోయే అవకాశం ఉంది, అవన్నీ మీ పేరు మీదే రికార్డవుతాయి.

డేటా విషయం వచ్చేసరికి నేను కాస్త కఠినంగా ఉంటాను. ఆ పల్లెల్లో మీకు జవాబులు చెప్పినవాళ్ళు పేరు, వయసు, షుగర్ ఎంత, ఏ మందులు వేసుకుంటున్నారు అన్నీ చెప్పారు. మీ వివరాలు బయటికి పోవు అని మీరు సమ్మతి పత్రం చదివి వినిపించే ఉంటారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా పేషెంట్ల గోప్యతను పరిశోధకుల బాధ్యతగానే చెబుతాయి. అందుకని డేటా సర్వర్‌లోనే ఉండాలి, మీరే దాని దగ్గరకు పోవాలి. లెక్కలు అక్కడే చేయండి, టేబుళ్ళు, గ్రాఫులు మాత్రం ఫైళ్ళు కాపీ చేసే ఎస్‌సీపీ కమాండ్‌తో ఇంటికి తెచ్చుకోండి. విండోస్ ఎస్‌ఎస్‌హెచ్‌తోనే ఎస్‌సీపీ కూడా వస్తుంది. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైల్‌ను వేరు చేసి, మిగతా ఫైల్‌లో నంబర్ కోడ్‌లు మాత్రమే ఉంచండి. ఈ పని ఇప్పటిదాకా చేయకపోయి ఉంటే, లాగిన్ అయిన మొదటి రోజు చేయాల్సింది అదే. పెన్‌డ్రైవ్‌లోకో, పర్సనల్ మెయిల్‌లోకో ఆ ఫైల్ ఒక్కసారి వచ్చిందంటే తర్వాత ఎన్ని కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయో మీకే తెలియదు.

ఎనీడెస్క్ సంగతి. సీనియర్ అన్న మంచి ఉద్దేశంతోనే అన్నారు, ఆ సాఫ్ట్‌వేర్ కూడా చెడ్డది కాదు. కానీ ఒక ల్యాబ్ కంప్యూటర్‌ను రాత్రీ పగలూ తెరిచి పెట్టి, ఒక పాస్‌వర్డ్‌తో ఎవరైనా బయటి నుంచి వచ్చేలా చేయడమంటే, కంప్యూటర్ సెంటర్‌కు తెలియకుండా గోడకు కన్నం పెట్టడమే. ఇలాంటి యాప్‌లతో ఫోన్‌లోకి దూరి డబ్బు కొట్టేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలో బ్యాంకులను హెచ్చరించింది కూడా. పైగా మీరు చిత్తూరులో మౌస్ కదిలిస్తుంటే ల్యాబ్‌లో ఆ స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్ళకు పేషెంట్ల పేర్లు అన్నీ కనబడతాయి. గ్రాఫులతో పనిచేసే సాఫ్ట్‌వేర్ కోసం పూర్తి డెస్క్‌టాప్ కావాల్సి వస్తే, వీపీఎన్ కలిపాక దాని లోపలి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ఇవ్వమని అడగండి. ఆర్ ప్రోగ్రాములను బ్రౌజర్ నుంచే నడిపించే ఆర్‌స్టూడియో సర్వర్ ఉంటే దానితోనే పని అయిపోతుంది.

జర్నల్ పేపర్లకు మాత్రం ఈ హడావిడి అంతా అక్కర్లేకపోవచ్చు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్ళు అందుబాటులోకి వచ్చాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ లైబ్రరీ నెట్‌వర్క్ కేంద్రం ద్వారా అవి అందుతాయి. మీ యూనివర్సిటీ దాని ఉమ్మడి లాగిన్ వ్యవస్థ ఇన్‌ఫెడ్‌లో చేరి ఉంటే, లైబ్రరీ వాళ్ళు ఇచ్చిన మీ సొంత ఐడీతో ప్రచురణకర్త సైట్‌లోనే లాగిన్ అయి ఇంటి నుంచి చదువుకోవచ్చు, వీపీఎన్ లేకుండానే. లైబ్రేరియన్ గారికి ఒక మెయిల్ పెట్టండి. వీపీఎన్ అనుమతి వచ్చేలోగా చదవాల్సిన పేపర్లు చదువుకోవచ్చు.

అనుమతి వచ్చాక కొన్నాళ్ళకు మీకు ఒక మెయిల్ రావచ్చు: మీ వీపీఎన్ అకౌంట్ ఈ రోజుతో ముగుస్తుంది, ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి అని. అచ్చం యూనివర్సిటీ లోగోతోనే ఉంటుంది. మెయిల్‌లోని లింకు నొక్కకండి. వీపీఎన్ అడ్రస్‌ను మీరే బ్రౌజర్‌లో టైప్ చేసుకుని చూడండి, లేదా కంప్యూటర్ సెంటర్ ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేయండి. పాస్‌వర్డ్ గానీ, ఆథెంటికేటర్ కోడ్ గానీ ఫోన్‌లో అడిగేవాళ్ళు మీ యూనివర్సిటీ మనుషులు కారు. పొరపాటున ఇచ్చేసినా సిగ్గుపడి దాచొద్దు. అదే రోజు కంప్యూటర్ సెంటర్‌కు చెబితే పాస్‌వర్డ్ మార్చి, పాత సెషన్లు అన్నీ తెంపేస్తారు. డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

లాప్‌టాప్ తిరిగి తమ్ముడికి ఇచ్చే రోజున మీ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని కీ తీసేసి, వీపీఎన్ ప్రొఫైల్ తీసేసి, మీ యూజర్ అకౌంట్ డిలీట్ చేయండి. సర్వర్‌లో మీ పేరు కింద ఉన్న ఆ పబ్లిక్ కీని కూడా తీసేయమని అడ్మిన్‌కు మెయిల్ పెట్టండి. కొత్త లాప్‌టాప్ కొన్నాక పాత కీని దాంట్లోకి కాపీ చేయకుండా, కొత్తదే చేసుకోండి. రేపు సోమవారం ఆఫీసు తెరిచేసరికి మీ లెటర్ గైడ్ గారి మెయిల్‌లో ఉండేలా చూడండి. సంతకాలు తిరిగి రావడానికి పట్టే రోజుల్లో తమ్ముడి లాప్‌టాప్ శుభ్రం చేయించుకోవచ్చు.